ఆవిర్లు అనుకున్నాను

నాకు నలభై ఎనిమిదో ఏట ముట్లు ఆగిపోవడం మొదలైంది. అవి కుళాయి కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగవు. రెండు నెలలు రావు, మూడో నెల వచ్చి పదిహేను రోజులు పోవు. ఆ గందరగోళంలోనే ఆవిర్లు కూడా పట్టుకున్నాయి. నాచారం పారిశ్రామికవాడలో ఒక మసాలా పొడుల కంపెనీలో పనిచేసేదాన్ని, ప్యాకింగ్ సెక్షన్ నాది. కారప్పొడి ప్యాకెట్లకు సీలు వేసే మిషన్ ముందు నిలబడి ఉంటే ఛాతీలో ఉన్నట్టుండి వేడి లేచి, మెడ మీదుగా చెవుల దాకా పాకేది. తలమీది టోపీ, మూతికున్న మాస్కు, ఒంటిమీది కోటు అన్నీ తడిసిపోయేవి. రెండు నిమిషాలయ్యాక ఏమీ జరగనట్టు చలివేసేది.

ఇదేమిటో నాకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మ తన ఒంటి సంగతి ఏనాడూ నోరెత్తి మాట్లాడిన మనిషి కాదు. నా భర్త గుండెపోటుతో పోయాడు కాబట్టి ఇక నా వంతు వచ్చిందనుకుని ఎనిమిది నెలలు లోలోపల చచ్చాను. చివరికి ఉప్పల్‌లో ఒక దవాఖానాకు వెళితే ఈసీజీ తీశారు. డాక్టరమ్మ కాగితం చూసి నవ్వింది. "గుండెకేం కాలేదమ్మా. ముట్లు ఆగుతున్నయ్ గదా, ఇవి ఆవిర్లు. అవే పోతయ్" అంది. ఎనిమిది నెలల భయం ఆమెకు నవ్వులాట అయినందుకు ఒళ్ళు మండిపోయింది. బయటికి వచ్చి మెట్రో మెట్ల పక్కన నిలబడి, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ చూస్తుంటే సిగ్గు లేకుండా ఏడ్చాను.

మా సెక్షన్‌లో ఇంకే ఆడమనిషీ నాలాగా భయపడకూడదని ఆ రోజే అనుకున్నాను. అనుకున్నదే తడవుగా నోరు తెరిచాను. ఎవరికి నెల తప్పినా, ఎవరికి చెమట పట్టినా, ఎవరు ఊరికే ఏడ్చినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. "ఏం గాదే, ఆవిర్లే. జర ఫ్యాన్ కింద కూసో, పోతది" అనేదాన్ని. పోయేది కూడా. ఎక్కువసార్లు నా మాటే నిజమయ్యేది. నన్ను 'డాక్టరమ్మ' అని ఆటపట్టించేవాళ్ళు, ఆ పిలుపు నాకు బాగా ఎక్కింది. ఏడో తరగతితో బడి మానేసిన దాన్ని నలుగురూ అడిగి తెలుసుకుంటుంటే ఎట్లా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ సెక్షన్‌లోనే నా మరదలు పనిచేసేది. మరదలంటే మా తమ్ముడి భార్య. ఆ పని ఇప్పించింది నేనే. జనగామ పక్కనున్న ఊరినుంచి పెళ్ళయి వచ్చిన కొత్తలో సిటీ బస్సు ఎక్కడానికే వణికిన పిల్ల అది. మా తమ్ముడు ట్రాలీ ఆటో నడుపుతాడు. నాకు పిల్లలు లేరు. నాచారంలో వాళ్ళొక పోర్షన్‌లో, నేను గోడవతల పోర్షన్‌లో ఉండేవాళ్ళం. పొద్దున ఇద్దరం కలిసి నడుచుకుంటూ డ్యూటీకి పోయేవాళ్ళం, ఆదివారం కలిసి చర్చికి పోయేవాళ్ళం. నా కంటే ఆరేళ్ళు చిన్నది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. నన్ను 'వదినె' అని పిలిచేది, ఆ పిలుపులో ఎప్పుడూ కొంచెం భయం ఉండేది. ఆ భయం నాకు నచ్చేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

దానికి నలభై మూడో ఏట షుగర్ బయటపడింది. ముట్లు అటూ ఇటూ అవడం మొదలయ్యాక పొట్ట పెరిగింది, మోకాళ్ళు పట్టేశాయి, షుగర్ మాట వినడం మానేసింది. మధ్యలో ఇది గోళీలు ఎగ్గొట్టేది. ఐదేళ్ళ తర్వాత ఒక సంక్రాంతి దాటాక పరీక్ష చేయిస్తే మూడు వందల పైన ఉంది. డాక్టరు గట్టిగా తిట్టి మందు మార్చాడు. "ఒక్క రోజు గూడ మానొద్దు. ఏసుకున్నంక తినకుండ ఉండొద్దు" అన్నాడు. పక్కనే ఉన్నాను, రెండు మాటలూ విన్నాను. ఇంటికి వచ్చేసరికి నా బుర్రలో మొదటిదే మిగిలింది. తిట్టిన మాట గదా, అదే గుర్తుంటుంది.

నా మేనకోడలు, అంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, బోడుప్పల్‌లో కాపురం ఉంటుంది. రెండుసార్లు కడుపు పోయింది. ఆ ఏడు మూడోసారి నిలిచింది. ఈస్టరుకు ముందు నలభై రోజులు మా సంఘంలో ఉపవాసాలుంటారు. పగలంతా ఏమీ తినకుండా సాయంత్రం చర్చిలో ప్రార్థన అయ్యాక తింటారు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు ఉండనవసరం లేదని పాస్టరుగారు మైకులోనే చెప్పారు. మరదలు ఆ మాట చెవిన పెట్టలేదు.

"వదినె, నలభై దినాలు నేనుంట. బిడ్డ కడుపు నిలవాలె. మీ తమ్మునికి మాత్రం చెప్పకు, ఉండనియ్యడు" అంది.

"మరి గోళి?" అన్నాను.

"గోళి తిండి గాదు గదా. నీళ్లతోని ఏసుకుంట."

"గోళి మాత్రం తప్పియ్యకు. తిట్టించుకున్నది సాలదా? తిండి లేక, గోళి వడి, ఈ నలభై దినాలల్ల నీ షుగర్ మొత్తం దిగుతది సూడు" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. దేవుని పనీ అవుతుంది, ఒంటి పనీ అవుతుంది అని సంబరపడ్డాం. దిగిపోతుందని నేనన్న మాట అక్షరాలా జరిగింది.

తమ్ముడికి అనుమానం రాకుండా అది రోజూ టిఫిన్ డబ్బా కట్టుకుని వచ్చేది. లంచ్ గంట కొట్టాక ఆ డబ్బా నేను తినేదాన్ని. నా డబ్బా నేను తిని, దాని డబ్బాలోది కూడా తినేదాన్ని. మిగిలిపోతే తమ్ముడు చూస్తాడని కొన్నిసార్లు ఆకలి లేకపోయినా మింగేదాన్ని. అది నా ఎదురుగా కూర్చుని నీళ్ళు తాగుతూ చూసేది. "పచ్చిపులుసుల ఉప్పు సరిపొయిందా?" అని అడిగేది.

రెండోవారంలో చెమటలు మొదలయ్యాయి. పొద్దున పదింటికో పదకొండింటికో నుదుటి మీద చెమట ముత్యాల్లా లేచేది. సీలు వేసే చేయి వణికేది. మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగింది దిగులు కాదు, సంతోషం. ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఆ బాధ నాకొక్కదానికే. ఇప్పుడు తోడు దొరికింది.

"ఇగ నువ్వు గూడ మా సంఘంల జేరినవే" అన్నాను దాన్ని మోచేత్తో పొడిచి.

అది నవ్వలేదు. "వదినె, నీకు లోపట వేడి లేస్తదంటివి గదా. నాకు వేడి లేదు. గుండె దడదడ కొట్టుకుంటది. ఆకలి, మస్తు ఆకలి. కండ్లు మసక వడుతున్నయ్" అంది.

"ఉపాసమున్నంక ఆకలి గాక ఏమైతది? ఆవిర్లు అందరికి ఒక్క తీరు రావే. నీకు గిట్ల వచ్చినయ్."

దాని ముంజేయి పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. జిగటగా, చల్లగా ఉంది. చెమట పట్టాక ఒళ్ళు చల్లబడదా అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. నా ఆవిర్లు అన్నేళ్ళు పడ్డదాన్ని, వేడికీ చలికీ తేడా తెలియనిదాన్ని కాదు. తెలుసుకోవాలనిపించలేదు, అంతే. ఆ ముచ్చటలో నా మాటే చివరి మాట కావాలి.

సాయంత్రం ప్రార్థన అయ్యాక అరటిపండు తిని, అన్నం తినేసరికి మామూలు మనిషి అయ్యేది. "సూసినవా, పొయినయ్" అనేదాన్ని. తిన్నాక ఎందుకు పోతున్నాయని ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. మధ్యలో ఒకసారి నడిచి వస్తుంటే అది, "వదినె, ఒక్కసారి దవాఖానకు పోదామా?" అని అడిగింది. నన్ను చూసి నవ్విన డాక్టరమ్మ గుర్తొచ్చింది. "పోతే నవ్వుతరే. నాకైన ఇజ్జత్ తక్వ నీకు గూడ కావాల్నా?" అన్నాను. మళ్ళీ అడగలేదు. నేను వద్దన్నాక దానికి ఇంకో మాట ఉండేది కాదు.

నాలుగోవారంలో ఒక గురువారం. పొద్దున్నించే దాని నడక బాగోలేదు. పదింటికి ధనియాల పొడి ప్యాకెట్లు తీసుకెళ్ళి కారప్పొడి అట్టపెట్టెలో సర్దింది. సూపర్‌వైజర్ చూసి, "ఏందమ్మా గిది, కండ్లు కనవడ్తలేవా?" అని అడిగాడు. పాతికేళ్ళలో దాని గొంతు పెద్దది కావడం నేను చూడలేదు. ఆ రోజు, "నీకే కనవడ్తలేవురా" అని అరిచింది. మిషన్లు నడుస్తున్నా ఆ అరుపు హాలంతా వినిపించింది. అతనికంటే నేనే ఎక్కువ బిత్తరపోయాను. వెంటనే సర్దుకుని, "సార్, ఆమెకు ముట్లు ఆగే టైము. గీ టైంల మనిషి గిట్లనే కోపానికొస్తది" అన్నాను. అతను సిగ్గుపడి ముఖం తిప్పుకున్నాడు. ఆడవాళ్ళ సంగతి అనేసరికి ఇంకొక్క మాట అడగలేదు.

దాన్ని పట్టుకుని మేము డబ్బాలు, చెప్పులు పెట్టుకునే గదికి తీసుకుపోయాను. అట్టలు పరిచి ఫ్యాన్ కింద పడుకోబెట్టాను. నుదుటి మీద తడిగుడ్డ వేశాను. పక్కనే బల్లమీద పదిన్నర టీ వచ్చి ఉంది, చక్కెర దండిగా వేసిన టీ. ఒక కప్పు పోసుకుని నేనే తాగాను. దాన్ని అడగలేదు, ఉపవాసం గదా. అది నా కొంగు పట్టుకుని ఏదో అంది. మాట ముద్దగా వచ్చింది. "పండుకో, జరసేపట్ల పోతది" అని కొంగు విడిపించుకుని డ్యూటీకి పోయాను.

పన్నెండింటికి ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి చూశాను. కదలకుండా పడుకుని ఉంది. నిద్ర పట్టింది, మంచిదయింది అనుకున్నాను. గదిలోకి పోయి దాని కోటు లాగి కాళ్ళమీద కప్పాను కూడా. ఒంటిగంటకు లంచ్ గంట కొట్టాక మేమందరం వెళ్ళేసరికి గురక పెడుతోంది. ఆ గురక మామూలుది కాదు. పళ్ళు గిట్టకరుచుకుని ఉన్నాయి, నోటి పక్కనుంచి సొంగ కారుతోంది, చీర తడిసి ఉంది. పేరుపెట్టి పిలిచాను, చెంపమీద కొట్టాను. కళ్ళు సగం తెరుచుకుని ఉన్నా ఎవరినీ చూడలేదు.

కంపెనీ వ్యానులో ఉప్పల్ వైపు ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. కుర్ర డాక్టరు దాని వేలిమీద పొడిచి, చిన్న మిషన్‌లో రక్తపు చుక్క పెట్టాడు. ఇరవై ఆరు అని చూపించింది. అతను నర్సు మీద అరిచాడు, గ్లూకోజు ఎక్కించారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. షుగర్ ఎక్కువై చస్తారని తెలుసు గాని, తక్కువై చస్తారని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఎప్పటినుంచి ఇట్లా ఉంది?" అని అడిగాడు డాక్టరు.

"ఇప్పుడే సార్. అర్ధగంట అయితది."

"ఇంతకుముందు ఎప్పుడన్నా చెమటలు పట్టడం, వణకడం జరిగిందా?"

"లేదు సార్."

"పొద్దున ఏమన్నా తిన్నదా?"

"తిన్నది" అన్నాను.

మూడు అబద్ధాలు. అడిగినంత సేపు పట్టలేదు చెప్పడానికి. అప్పుడు నిజం చెప్పి ఉంటే ఏమన్నా మారేదా అని తర్వాత ఇంకో డాక్టరును వేరే ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. అప్పటికే ఆలస్యమైపోయి ఉండవచ్చు అన్నాడు. ఆ 'ఉండవచ్చు' నాకు పనికిరాలేదు.

షుగర్ మామూలుకు వచ్చింది, మనిషి రాలేదు. పదకొండు రోజులు ఐసీయూలో, ఆ తర్వాత వార్డులో ఉంది. మెదడుకు దెబ్బ తగిలిందన్నారు. ఈస్టరు నాడు మా సంఘమంతా తెల్లబట్టలు కట్టుకుని పాటలు పాడుతుంటే మేము దాన్ని స్ట్రెచర్ మీద ఇంటికి తెచ్చుకున్నాం. ఒకవైపు చేయి, కాలు పట్టు లేవు. మాటల్లో 'నీళ్లు', 'వద్దు', 'అమ్మా' మిగిలాయి. ఒంటికీ రెంటికీ తెలియదు. నలభై ఎనిమిదేళ్ళు దానికి.

నేను పని మానేశాను. గోడవతల పోర్షన్ ఖాళీ చేసి వాళ్ళ ఇంట్లోకి మారాను. పొద్దున నేను, తమ్ముడు కలిసి దాన్ని పక్కకు తిప్పి, తుడిచి, దుప్పటి మారుస్తాం. తర్వాత అతను ఆటో తీస్తాడు. పగలంతా మేమిద్దరమే. చెంచాతో జావ పోస్తాను, సగం గడ్డం మీదికి వస్తుంది. రోజుకు మూడుసార్లు వేలు పొడిచి షుగర్ చూస్తాను. దాని వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. పొడిచినప్పుడల్లా చేయి వెనక్కి లాక్కుంటుంది, "వద్దు" అంటుంది. ఒక్కోసారి చిరాకొచ్చి చేయి గట్టిగా పట్టుకుంటాను. తర్వాత నన్ను నేనే తిట్టుకుంటాను. సేవ చేస్తున్న మనిషికి కోపం రాదని ఎవరన్నా అంటే నమ్మకండి.

వానాకాలం మొదలయ్యేసరికి దానికి ముట్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుంటే దాని మెడ మీద ఎర్రమచ్చలు లేచాయి. ముఖమంతా ఎర్రబడింది, చెమట పట్టింది. భయపడి వేలు పొడిచాను, షుగర్ నూట నలభై. చెంప మీద చేయి పెట్టి చూశాను. కాలిపోతోంది. రెండు నిమిషాల్లో తగ్గిపోయింది. అవి ఆవిర్లు. దాని జన్మలో అవే మొదటి ఆవిర్లు. మంచం పక్కన కింద కూలబడ్డాను. అది నావైపు చూస్తూ "నీళ్లు" అంది. లేచి పోశాను.

మేనకోడలి కడుపు నిలిచింది. ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో బోడుప్పల్ నుంచి తీసుకువచ్చి వాళ్ళమ్మ ఒడిలో పెట్టింది. ఇది కాసేపు ఆ పిల్లను చూసింది, తర్వాత చేయి వదిలేసింది. మేనకోడలు అందుకుంది కాబట్టి సరిపోయింది. తన కోసం అమ్మ ఉపవాసముందని దానికి తెలుసు. అంతా దేవుని చిత్తం అత్తా, అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను దాని వీపు నిమిరాను. దేవుని మీదికి నెట్టెయ్యడానికి అదొక మంచి అవకాశం, నెట్టేశాను.

ఇంటికి ఎవరొచ్చినా తమ్ముడు ఒకే మాట చెప్పేవాడు. "మా అక్క లేకుంటే ఇది ఎప్పుడో పొయ్యేది. సొంత తల్లి గూడ గిట్ల జెయ్యది." సంఘం వాళ్ళు తల ఊపి నా చేతులు పట్టుకునేవాళ్ళు. పాస్టరమ్మ ఒకసారి నన్ను చూపించి పది మంది ఆడవాళ్ళకు బుద్ధులు చెప్పింది. అన్నం తింటుంటే ఆ మాటలు గుర్తొచ్చి కంచం పక్కకు జరిపేదాన్ని. తమ్ముడు నన్ను కొట్టినా బాగుండేదనిపించేది. ఏడాది పైన మోశాను. ఇక మొయ్యలేక ఒకరోజు పొద్దున దాన్ని తుడుస్తున్నప్పుడు నోరు విప్పాను.

"తమ్మీ, నీకొకటి చెప్పాలె" అన్నాను.

"చెప్పు."

చెప్పాను. చెమటలు రెండు వారాలనుంచి వచ్చాయని, దవాఖానకు పోదామని అదే అడిగితే నేనే వద్దన్నానని, డబ్బా రోజూ నేనే తిన్నానని. పదిన్నరకు పడుకోబెట్టి ఒంటిగంటదాకా లేపి చూడలేదని, డాక్టరుకు అర్ధగంట అని చెప్పానని. చెబుతున్నంతసేపూ నా చేతిలోని తడిగుడ్డ ఆగలేదు, అతని చేతులూ ఆగలేదు.

"ఎరుకే" అన్నాడు.

"ఏం ఎరుక?"

"అంత ఎరుకే అక్కా. రెండో దినమే డాక్టర్ నన్ను పక్కకు పిలిచిండు. ఇది అర్ధగంటల అయ్యేది గాదు, మీ అక్క సరిగ్గ చెప్తలేదు అన్నడు. డబ్బా సంగతి మీ సెక్షన్ల ఆడోళ్లు చెప్పిన్రు."

"మరి ఇన్నొద్దులు ఎందుకడగలే?"

అతను నా ముఖం వైపు చూడలేదు. భార్య నడుము కింద చేయి పెట్టి ఒక పక్కకు ఒత్తిగిలించాడు.

"అడిగితే నువ్వు మొఖం సూపియ్యలేక ఎల్లిపోతవ్. నువ్వు పోతే దీన్ని ఎవరు సూస్తరు? నేను బండి నడపాలె గదా" అన్నాడు. దిండు సర్దుతూ, "మాఫ్ జేసిన అనుకోకు" అన్నాడు.

అది ఇద్దరి మధ్యా పడుకుని గోడవైపు చూస్తోంది.

"గా కాలు జర పట్టు, దుప్పటి తీస్త" అన్నాడు.

కాలు పట్టుకున్నాను.